రాకెట్ ఎగరాలంటే ఎవరెవరు సరే అనాలి? కంచె బయట ఉన్నవారి మాట ఎవరు వింటారు?

ప్రయోగం రోజున సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో జాతర వాతావరణం ఉంటుంది. పిల్లలు తండ్రుల భుజాలెక్కుతారు. ఫోన్లన్నీ తూర్పు వైపు తిరుగుతాయి. ముందు వెలుగు కనిపిస్తుంది, కొన్ని సెకన్ల తర్వాత గానీ మోత చెవిన పడదు.

అదే రోజు తీరంలో ఇంకో దృశ్యం ఉంటుంది. దాన్ని ఎవరూ వీడియో తీయరు. ప్రమాద పరిధిలోకి వేటకు వెళ్లొద్దన్న హెచ్చరికతో పడవలు ఒడ్డునే ఉండిపోతాయి.

ఇన్నాళ్లూ ఇది దేశం కోసం చేసే పని కాబట్టి పెద్దగా ఎవరూ ప్రశ్నలు వేయలేదు. 2022 నవంబరు 18న పరిస్థితి కొంత మారింది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారు చేసిన విక్రమ్-ఎస్ ఆ రోజు శ్రీహరికోట నుంచి లేచి 89.5 కి.మీ. ఎత్తు దాకా వెళ్లింది. అంతరిక్షం వైపు ఎగిరిన తొలి భారతీయ ప్రైవేటు రాకెట్ అదే. 2024 మే 30న చెన్నై కంపెనీ అగ్నికుల్ కూడా శ్రీహరికోటలోనే తాను సొంతంగా కట్టుకున్న వేదిక నుంచి రాకెట్‌ను పరీక్షించింది.

రాకెట్ వ్యాపారంగా మారుతోంది. మరి అనుమతి ఎవరిస్తారు? ముక్కలు మీద పడితే పరిహారం ఎవరు కట్టాలి? పొగ, మోత, మూసేసిన సముద్రం సంగతి ఎవరు చూస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

క్లుప్తంగా

• ప్రైవేటు కంపెనీ రాకెట్ వల్ల విదేశాల్లో నష్టం జరిగితే అంతర్జాతీయంగా జవాబు చెప్పాల్సింది ఆ దేశ ప్రభుత్వమే.

• భారత్‌లో ప్రైవేటు ప్రయోగాలకు అనుమతి ఇచ్చేది ఇన్-స్పేస్. అమెరికాలో ఆ పని విమానయాన సంస్థ ఎఫ్ఏఏది.

• రాకెట్ విజయవంతమవుతుందని ఈ అనుమతి హామీ ఇవ్వదు. విఫలమైనా బయటివారికి హాని జరగకుండా ఏర్పాట్లున్నాయా అన్నదే చూస్తుంది.

• అమెరికాలో పర్యావరణ నివేదికను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకున్న సందర్భాలున్నాయి. మన ఈఐఏ జాబితాలో రాకెట్ ప్రయోగ కేంద్రానికి ప్రత్యేక పద్దు లేదు.

కంపెనీ డబ్బు, కంపెనీ రాకెట్. ప్రభుత్వ అనుమతి ఎందుకు?

మీ కారు ఎవరినైనా గుద్దితే మీరో, మీ బీమా కంపెనీయో పరిహారం కడతారు. రాకెట్ విషయంలో లెక్క వేరు.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఒక దేశానికి చెందిన ప్రైవేటు సంస్థలు అంతరిక్షంలో ఏం చేసినా దానికి ఆ దేశానిదే బాధ్యత. వాటికి అనుమతి ఇవ్వడం, ఆ తర్వాత కూడా ఓ కన్నేసి ఉంచడం ఆ ప్రభుత్వం విధి. 1972 నాటి బాధ్యత ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. నేల మీద గానీ, ఎగురుతున్న విమానానికి గానీ నష్టం జరిగితే తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా ప్రయోగించిన దేశం పరిహారం కట్టాలి. భారత్ ఈ రెండు ఒప్పందాల్లోనూ ఉంది.

ఇది కాగితాలకే పరిమితమైన మాట కాదు. 1978 జనవరిలో అణు రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా ఉత్తర ప్రాంతంలో కూలింది. వెతికి, శుభ్రం చేయించిన కెనడా 60 లక్షల కెనడా డాలర్లు అడిగింది. 1981లో సోవియట్ యూనియన్ 30 లక్షలు కట్టడానికి ఒప్పుకుంది.

మన అనుభవం కూడా ఉంది. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూరియన్ బే దగ్గర ఓ బీచ్‌కు మనిషి కంటే ఎత్తైన లోహపు డబ్బా ఒకటి కొట్టుకొచ్చింది. అది పీఎస్ఎల్‌వీ మూడో దశ భాగమై ఉంటుందని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తేల్చింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు.

అంటే ప్రైవేటు కంపెనీ ప్రయోగం వికటిస్తే చివరికి జవాబు చెప్పుకోవాల్సింది ప్రభుత్వం. ఆ భారం ప్రజల సొమ్ము మీద పడుతుంది. అందుకే మొదటి అనుమతి ప్రభుత్వానిది.

భారత్‌లో ఎవరిని అడగాలి?

ఇన్-స్పేస్‌ను. ప్రైవేటు సంస్థలకు అంతరిక్ష రంగాన్ని తెరుస్తున్నట్లు కేంద్రం 2020 జూన్‌లో ప్రకటించినప్పుడు ఈ సంస్థ ఏర్పాటు గురించీ చెప్పింది. దీని ప్రధాన కార్యాలయం అహ్మదాబాద్‌లో ఉంది. అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది.

2023లో వచ్చిన భారత అంతరిక్ష విధానం ఎవరి పని ఏమిటో విడదీసింది. ఇస్రో పరిశోధన మీద దృష్టి పెడుతుంది. వాణిజ్య వ్యవహారాలు న్యూస్పేస్ ఇండియా చూస్తుంది. ప్రైవేటువారికి అనుమతులు ఇన్-స్పేస్ ఇస్తుంది. రాకెట్ ప్రయోగించాలన్నా, వేదిక కట్టాలన్నా, ఉపగ్రహం నడపాలన్నా ఈ గుమ్మం ఎక్కాల్సిందే. దరఖాస్తు ఎలా చేయాలి, ఏ వివరాలు ఇవ్వాలి, ఏ షరతులు పాటించాలి అన్న నియమావళిని ఇన్-స్పేస్ 2024 మేలో విడుదల చేసింది.

'ఒకే కిటికీ' అని పేరు వచ్చినా పని అక్కడితో అయిపోదు. రాకెట్‌తో మాట్లాడే రేడియో తరంగాలకు టెలికం శాఖ అనుమతి కావాలి. ఇంధనం, పేలుడు స్వభావమున్న పదార్థాలను నిల్వ చేయాలన్నా, తరలించాలన్నా వేరే లైసెన్సులుంటాయి. గగనతలం ఖాళీ చేయించాలంటే విమానయాన సంస్థలు కదలాలి. సముద్రంలో హెచ్చరికలకు నౌకాదళానికి చెందిన విభాగం ఉంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఈ వ్యవస్థ అంతా విధానం, నియమావళి మీద నడుస్తోంది. ప్రైవేటు అంతరిక్ష కార్యకలాపాల కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయలేదు. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా బయటికొచ్చి ప్రజల అభిప్రాయాలు కోరింది. అది చట్టం కాలేదు. చట్టం ఉంటే నియమం ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటి, పరిహారంలో కంపెనీ వాటా ఎంత, నిర్ణయం నచ్చకపోతే ఎక్కడ అప్పీలు చేసుకోవాలి అన్నవి గట్టిగా రాసి ఉంటాయి. సామాన్యుడికే కాదు, కంపెనీలకూ అదే మేలు. పెట్టుబడి పెట్టేవాడు మొదట అడిగేది నియమం రేపు మారిపోతుందా అనే.

భద్రత పరిశీలనలో ఏం చూస్తారు?

రాకెట్ పేలిపోతుందా అన్నది ఒక్కటే ప్రశ్న అయితే ఏ రాకెట్‌కూ అనుమతి రాదు. కొత్త రాకెట్లు తొలి ప్రయత్నాల్లో విఫలం కావడం మామూలే. విఫలమైతే ముక్కలు ఎక్కడ పడతాయి, అక్కడ ఎవరుంటారు అన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో దీన్ని అంకెల్లో రాసుకున్నారు. ఒక ప్రయోగం వల్ల బయటి ప్రజల్లో ఎవరైనా చనిపోయే లేదా తీవ్రంగా గాయపడే అవకాశం అందరినీ కలిపి లెక్కేసినా 10,000లో 1కి మించకూడదు. ఏ ఒక్క వ్యక్తినైనా విడిగా తీసుకుంటే 10 లక్షల్లో 1కి మించకూడదు. విమానాల విషయంలోనూ 10 లక్షల్లో 1 అన్నదే హద్దు. కంప్యూటర్ లెక్కలు దీన్ని దాటితే దారి మార్చాలి, లేదా సమయం మార్చాలి, లేదా అక్కడి జనాన్ని ఖాళీ చేయించాలి.

దారి మార్చడం అంటే ఏమిటో శ్రీహరికోటను చూస్తే తెలుస్తుంది. ధ్రువ కక్ష్యలోకి వెళ్లే రాకెట్ నేరుగా దక్షిణానికి ఎగిరితే శ్రీలంక మీదుగా పోవాలి. అది తప్పించడానికి మన రాకెట్లు ముందు ఆగ్నేయంగా వెళ్లి, ఆ తర్వాత దక్షిణానికి మలుపు తీసుకుంటాయి. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. అంత మేరకు మోసుకెళ్లే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకు ఇది పెద్ద దెబ్బ. తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేయడానికి ప్రధాన కారణం ఇదే. అక్కడి నుంచి దక్షిణానికి సముద్రమే.

దారి తప్పితే? అందుకు ఆఖరి అస్త్రం ఉంటుంది. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 లేచిన కాసేపటికే అదుపు తప్పింది. ప్రయోగం మొదలైన 64వ సెకనులో భద్రతాధికారి దాన్ని పేల్చేయాలని ఆదేశం పంపారు. ముక్కలు బంగాళాఖాతంలో పడ్డాయి. కోట్ల రూపాయల రాకెట్‌ను, ఉపగ్రహాన్ని తన చేత్తో తానే పేల్చేసే అధికారం ఒక మనిషికి ముందే ఇచ్చి ఉంచడం ఈ పరిశీలనలో కీలకం.

ఆకాశంలో పైలట్లకు ముందే 'నోటామ్' అనే హెచ్చరిక వెళుతుంది. సముద్రంలో నౌకలకు హెచ్చరికలు పంపే బాధ్యత డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానిది. ఆ పైన కక్ష్యలోని ఉపగ్రహాలు, శకలాల లెక్క కూడా చూస్తారు. మీరు టీవీ ముందు ఊపిరి బిగబట్టి చూసిన చంద్రయాన్-3 ప్రయోగాన్ని అందుకే 4 సెకన్లు జరిపారు. అదే నెలలో సింగపూర్ ఉపగ్రహాన్ని తీసుకెళ్లిన పీఎస్ఎల్‌వీ ప్రయోగం ఒక నిమిషం ఆలస్యంగా మొదలైంది.

ఇక బీమా. అమెరికాలో ఎఫ్ఏఏ ఒక్కో ప్రయోగానికి గరిష్ఠంగా ఎంత నష్టం జరగవచ్చో లెక్కగట్టి, అంత మొత్తానికి కంపెనీ చేత బీమా చేయిస్తుంది. ఇతరులకు జరిగే నష్టం విషయంలో ఈ బీమాకు పై హద్దు 50 కోట్ల డాలర్లు. నష్టం దానికి మించితే కొంత పరిమితి దాకా ప్రభుత్వం ఆదుకునే ఏర్పాటు చట్టంలో ఉంది, అదీ అక్కడి పార్లమెంటు నిధులు మంజూరు చేస్తేనే.

రాకెట్ వల్ల పర్యావరణానికి ఏమవుతుంది?

ఏ ఇంధనం వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఘన ఇంధనం: పీఎస్ఎల్‌వీ మొదటి దశలో దాదాపు 138 టన్నులు ఉంటుంది. ఇందులోని అమోనియం పెర్క్లోరేట్, అల్యూమినియం మండినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, అల్యూమినియం ఆక్సైడ్ ధూళి వెలువడతాయి. తేమ తగిలితే ఆ వాయువు ఆమ్లంగా మారుతుంది. దాని ప్రభావం వేదిక పరిసరాల్లోని మొక్కల మీద, నీటి మీద ఎక్కువ.

హైడ్రజీన్ రకం ద్రవ ఇంధనాలు: పీఎస్ఎల్‌వీ రెండో దశలో వాడేది ఈ కోవలోదే. ఒలికినా, ఆవిరి పీల్చినా విషం.

కిరోసిన్, ద్రవ ఆక్సిజన్: అగ్నికుల్ వాడేది ఇదే తరహా. అంత విషపూరితం కాదు గానీ మసి వెలువడుతుంది. ఆ మసి నేరుగా స్ట్రాటోస్ఫియర్‌లో చేరి అక్కడే చాలా కాలం ఉంటుంది.

పై వాతావరణం మీద ప్రభావం ఇప్పటి ప్రయోగాల సంఖ్యకు చిన్నదే. ప్రయోగాలు బాగా పెరిగితే లెక్క మారుతుంది. అందుకే పరిశీలనలో 'ఒక ప్రయోగం వల్ల ఎంత?' అని కాక 'ఏడాదికి ఎన్ని?' అని అడగాలి.

కంటికి కనిపించని నష్టాలూ ఉంటాయి. మోత వల్ల గూళ్లలోని పక్షులు బెదురుతాయి. రాత్రి వెలుతురుకు సముద్రపు తాబేళ్లు దారి తప్పుతాయి. శ్రీహరికోటకు పడమర ఉన్న పులికాట్ సరస్సుకు శీతకాలంలో రాజహంసలు వస్తాయి. ఆ చుట్టుపక్కలే నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. ఆ సరస్సునే నమ్ముకుని బతికే మత్స్యకార గ్రామాలు ఆంధ్రలోనూ, తమిళనాడులోనూ ఉన్నాయి.

పర్యావరణ పరిశీలన ఎలా ఉండాలి? అమెరికా ఏం చేస్తుంది?

అక్కడ 1970 నుంచి జాతీయ పర్యావరణ విధాన చట్టం అమల్లో ఉంది. కేంద్ర సంస్థ ఏదైనా లైసెన్సు ఇచ్చే ముందు పర్యావరణం మీద దాని ప్రభావం చూడాలన్నది దాని సారాంశం. ఎఫ్ఏఏ ఇచ్చే రాకెట్ లైసెన్సుకూ ఇది వర్తిస్తుంది. ఇది 'రాకెట్ వద్దు' అనే చట్టం కాదు. 'తెలుసుకుని నిర్ణయించు, తెలుసుకున్నది బయటపెట్టు' అనే చట్టం.

టెక్సాస్ తీరంలోని బోకా చికాను తీసుకుందాం. స్పేస్ఎక్స్ అక్కడి నుంచి తన భారీ రాకెట్ స్టార్‌షిప్‌ను ప్రయోగించాలనుకుంది. 2014లో ఆ స్థలానికి చేసిన పర్యావరణ అధ్యయనం ఫాల్కన్ రాకెట్ల కోసం. స్టార్‌షిప్ వాటికంటే చాలా పెద్దది. అందుకని ఎఫ్ఏఏ కొత్తగా పరిశీలన చేసింది. 2021 సెప్టెంబరులో ముసాయిదా ప్రజల ముందు పెట్టింది. 18,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2022 జూన్ 13న నిర్ణయం వెలువడింది. ప్రయోగాలు చేసుకోవచ్చు, కానీ 75కు పైగా చర్యలు తీసుకోవాలి. తాబేళ్ల కోసం దీపాల వెలుతురు తగ్గించడం, మొక్కలు, జంతువుల మీద నిఘా, రోడ్డు, బీచ్ మూసే ముందు జనానికి సమాచారం ఇవ్వడం వాటిలో ఉన్నాయి. మామూలు కార్యకలాపాల కోసం ఏడాదిలో 500 గంటలకు మించి బీచ్ దారి మూయకూడదు. ఆ దారి అక్కడి ప్రజలందరిదీ కాబట్టి దాన్ని ఎన్ని గంటలు మూస్తారన్నదీ పర్యావరణ పరిశీలనలో భాగమే అయింది.

ఈ చివరి అంశాన్ని గుర్తుపెట్టుకోండి. పడవలు ఒడ్డున ఆగిపోయిన దృశ్యంతో దానికి సంబంధం ఉంది.

అంత పరిశీలించినా తప్పు జరగలేదా?

జరిగింది. 2023 ఏప్రిల్ 14న లైసెన్సు వచ్చింది. 20న స్టార్‌షిప్ లేచింది. 33 ఇంజిన్ల రాకెట్ కింద మంటను పక్కకు మళ్లించే కందకం లేదు. నీళ్లు చిమ్మే ఉక్కు పలక అప్పటికి సిద్ధం కాలేదు. కాంక్రీటు వేదిక బద్దలైపోయింది. కాంక్రీటు దిమ్మెలు, లోహపు ముక్కలు వేల అడుగుల దూరం ఎగిరిపడ్డాయి. 385 ఎకరాల్లో శిథిలాలు చెల్లాచెదురయ్యాయి. పొడి అయిన కాంక్రీటు మేఘంలా లేచి దాదాపు 10 కి.మీ. దూరం దాకా రాలింది. పక్కనే ఉన్న పార్కు భూమిలో 3.5 ఎకరాలు కాలిపోయాయి. పైన రాకెట్ అదుపు తప్పాక పేల్చివేత వ్యవస్థ పని చేసింది గానీ రాకెట్ విడిపోవడానికి సుమారు 40 సెకన్లు పట్టింది.

అక్కడి వన్యప్రాణి అధికారులకు తమ భూముల్లో చనిపోయిన పక్షులు గానీ జంతువులు గానీ కనిపించలేదు. మనుషులకూ గాయాలు కాలేదు. అయినా కాగితం మీద ఊహించిన దానికీ, నేల మీద జరిగినదానికీ ఎంత తేడా ఉంటుందో ఈ ఘటన చూపించింది.

తర్వాత జరిగిన దాంట్లోనే అసలు పాఠం ఉంది. ఎఫ్ఏఏ తదుపరి ప్రయోగాన్ని ఆపింది. విచారణ సెప్టెంబరులో ముగిసింది. కంపెనీ చేయాల్సిన దిద్దుబాట్లు 63 అని తేల్చింది. కొత్తగా పెట్టిన నీటి వ్యవస్థ మీద వన్యప్రాణి విభాగం మళ్లీ పరిశీలన చేసింది. నవంబరు 15న అనుమతి, 18న రెండో ప్రయోగం. ఈసారి వేదిక చెక్కుచెదరలేదు.

ఆ నీటి మీదా పేచీ వచ్చింది. సరైన అనుమతి లేకుండా ఆ నీటిని బయటికి వదిలారంటూ రాష్ట్ర, కేంద్ర పర్యావరణ సంస్థలు 2024లో జరిమానాలు వేశాయి. కేంద్ర సంస్థ వేసింది సుమారు 1.48 లక్షల డాలర్లు. రాకెట్ కంపెనీకి అది చిల్లర డబ్బే. కానీ ఉల్లంఘన రికార్డుల్లోకి ఎక్కింది, అందరూ చదవగలిగారు.

అనుమతుల పేరుతో ఆలస్యం చేస్తున్నారన్న ఫిర్యాదు సంగతేంటి?

అది పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. రాకెట్ సిద్ధంగా ఉండి కాగితాల కోసం నెలల తరబడి ఆగితే ఇంజినీర్ల జీతాలు, అప్పుల వడ్డీలు ఆగవు. చిన్న కంపెనీలకు అది ప్రాణాంతకం. 2024 సెప్టెంబరులో స్పేస్ఎక్స్ బహిరంగంగానే అసహనం వెళ్లగక్కింది. ఐదో ప్రయోగానికి అనుమతి నవంబరు చివర్లో గానీ రాదన్నారని చెప్పింది. చివరికి అక్టోబరు 12న అనుమతి వచ్చింది, మర్నాడే ప్రయోగం జరిగింది.

గాలి ఇప్పుడు వేగం వైపు వీస్తోంది. 2025 మేలో బోకా చికా నుంచి ఏడాదికి 5 ప్రయోగాల పరిమితిని ఎఫ్ఏఏ 25కు పెంచింది. ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ ప్రయోగ అనుమతుల్లో పర్యావరణ పరిశీలనలను తీసేయడమో, వేగవంతం చేయడమో చూడాలంటూ ఉత్తర్వు ఇచ్చారు.

అదే ఏడాది జనవరి 16న స్టార్‌షిప్ ఏడో ప్రయోగం విఫలమై శకలాలు కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ దీవుల వైపు రాలాయి. ఆ దారిలో వస్తున్న విమానాలను మళ్లించాల్సి వచ్చింది, కొన్ని గాలిలోనే చక్కర్లు కొట్టాయి. ఆ విమానాల్లోని ప్రయాణికులకు రాకెట్‌తో ఏ సంబంధమూ లేదు. మేలో తొమ్మిదో ప్రయోగానికి ఎఫ్ఏఏ ప్రమాద ప్రాంతం పొడవును 885 నాటికల్ మైళ్ల నుంచి 1,600కు పెంచింది.

ఇంకో చిక్కు ఉంది. 1984 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇప్పుడు ఎఫ్ఏఏకు రెండు పనులున్నాయి. ప్రజల భద్రత చూడటం ఒకటి, ఈ వ్యాపారాన్ని ప్రోత్సహించడం రెండోది. మన ఇన్-స్పేస్ కూడా ప్రోత్సహించేదీ, అనుమతించేదీ తానే. తాను పెంచుతున్న మొక్కను తానే కత్తిరించడం ఎవరికైనా కష్టమే. అందుకే బయటివారి కన్ను అవసరం.

మన దగ్గర ప్రజలను అడగాలన్న నియమం ఉందా?

శ్రీహరికోటను ఎంపిక చేసింది 1969లో. అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది 1971 అక్టోబరులో. అప్పటికి పర్యావరణ పరిరక్షణ చట్టం లేదు. అది భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చింది. ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన మొదటి ఈఐఏ నోటిఫికేషన్ 1994ది. ద్వీపంలో తరతరాలుగా బతికిన యానాది కుటుంబాలు కేంద్రం కోసం చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది. వారిని అడిగే పద్ధతి అప్పటికి చట్టంలో రాసి లేదు.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్. గనులు, విద్యుత్ కేంద్రాలు, రసాయన కర్మాగారాలు, ఓడరేవులు, విమానాశ్రయాలు, హైవేలు... ఏ ప్రాజెక్టుకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలో అందులో జాబితా ఉంది. విమానాశ్రయానికి పద్దు ఉంది గానీ రాకెట్ ప్రయోగ కేంద్రానికి ప్రత్యేక పద్దు లేదు. దానికి సంబంధించిన కట్టడాలు, రసాయన కర్మాగారాలు, నిల్వలు వాటి వాటి పరిమాణాన్ని బట్టి ఆయా పద్దుల కిందికి రావచ్చు. తీరంలో కడితే తీర ప్రాంత నియంత్రణ మండలి నిబంధనలూ చూడాలి. అయితే భవన నిర్మాణ పద్దు కిందికి వచ్చేవాటికి సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. దేశ రక్షణ, భద్రతకు సంబంధించిన ప్రాజెక్టులకు, కేంద్రం వ్యూహాత్మకమని నిర్ణయించిన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అదే నోటిఫికేషన్ చెబుతోంది.

ప్రభుత్వ రాకెట్ల కాలంలో ఈ మినహాయింపుకు అర్థం ఉంది. క్షిపణికీ రాకెట్‌కూ సాంకేతికంగా దగ్గరి చుట్టరికం. కానీ విదేశీ కస్టమర్ ఉపగ్రహాన్ని లాభం కోసం మోసుకెళ్లే ప్రైవేటు రాకెట్ కూడా 'వ్యూహాత్మకమే'నా? రాకెట్ డిజైన్ రహస్యంగా ఉంచాలంటే సరే. ఏడాదికి ఎన్ని రోజులు సముద్రం మూస్తారు, ఏ పొగ ఎంత వస్తుంది, వేట పోయిన రోజుకు పరిహారం ఉందా అన్నవి రహస్యాలు కావు. డిజైన్‌ను దాచుకుంటూనే ఈ ప్రశ్నలకు బహిరంగంగా జవాబు చెప్పవచ్చు. బోకా చికాలో చేసింది అదే.

ప్రయోగాలు ఏడాదికి నాలుగైదు ఉన్నప్పుడు మత్స్యకారుడు ఆ నాలుగైదు రోజులు ఓర్చుకుంటాడు. నెలకు నాలుగైతే అది అతని జీతంలో కోత. పద్దు రాసుకోవాల్సిన సమయం అందుకే ఇప్పుడు, ప్రైవేటు ప్రయోగాలు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడే.

మీరు ఏం చేయవచ్చు?

1. పరివేష్ పోర్టల్ చూడండి. పర్యావరణ, అటవీ, తీర ప్రాంత అనుమతుల దరఖాస్తులు, వాటి స్థితి అందులో ఉంటాయి. రాష్ట్రం పేరుతో వెతకవచ్చు.

2. ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే వదులుకోవద్దు. దీన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మనకు తెలుగులో, అందుబాటులో ఉంచాలి. కలెక్టర్ లేదా ఆయన తరఫు సీనియర్ అధికారి అధ్యక్షత వహించాలి. కార్యక్రమాన్ని వీడియో తీయాలి. ఇంత మంది వస్తేనే జరపాలన్న నియమం లేదు కాబట్టి పదిమందే వచ్చినా మీ అభ్యంతరం రికార్డవుతుంది. వెళ్లలేకపోతే రాతపూర్వకంగా పంపవచ్చు.

3. ఆర్టీఐ వేయండి. ఇన్-స్పేస్ అంతరిక్ష శాఖ కిందిదే కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. డిజైన్లు, వాణిజ్య రహస్యాలు అడిగితే సెక్షన్ 8 చూపించి నిరాకరించవచ్చు. అనుమతి తేదీ, పర్యావరణ షరతులు, బీమా షరతు ఉందా లేదా వంటి ప్రశ్నలు సూటిగా, విడివిడిగా అడగండి.

4. ముసాయిదాల మీద స్పందించండి. చట్టం బిల్లు గానీ, నియమాల సవరణ గానీ వచ్చినప్పుడు అభిప్రాయాలకు గడువు ఇస్తారు. ఒక పేజీ రాసినా చాలు. బోకా చికా మీద వచ్చిన 18,000 అభిప్రాయాలూ నిపుణులవి కావు.

5. తీరంలో వింత వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు. ఇంధన ట్యాంకుల్లో విష పదార్థాల అవశేషాలు ఉండవచ్చు. గాలి వాలుకు ఎదురుగా, దూరంగా నిలబడి పోలీసులకు చెప్పండి. ఇంటికి తెచ్చుకోవడం, పాత ఇనుము కింద అమ్మడం చేయొద్దు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పరాయి దేశపు ముక్కను కూడా వాళ్లు కోరితే తిరిగి ఇవ్వాలి.

తర్వాతిసారి మీరు సూళ్లూరుపేట వెళ్లి ఫోన్ పైకెత్తినప్పుడు వెలుగును తప్పకుండా తీయండి. మన ఊరి పిల్లలు చేసిన రాకెట్ అయితే చప్పట్లూ కొట్టండి. ఆ తర్వాత ఒక్కసారి తీరం వైపు చూడండి. ఆగిన పడవల లెక్క ఏదైనా కాగితంలో రాసి ఉందా అని అడగండి. అలా అడిగినంత మాత్రాన రాకెట్ ఆగిపోదు.